వంటపొయ్యి వెనుక నీళ్ళకాగు

మన గ్రామములలో చాల ఇండ్లయందు ప్రతి ఉదయము రెండు మంటలు మండుచుండును. ఒకటి వంటకు, రెండవది స్నానపు నీళ్ళకు. 2016లో ఉజ్జ్వల పథకము మొదలైన తరువాత అనేక గృహములకు వంటగ్యాసు వచ్చినది. అయినను సిలిండరు త్వరగా అయిపోవునను భయముచే అన్నము వండుట, పశువులకు దాణా ఉడికించుట, స్నానపు నీళ్ళు కాచుట వంటి పెద్ద పనులను కట్టెల మీదనే జరుపుకొను కుటుంబములు ఇంకను ఎన్నియో కలవు. చలికాలములో అరకు, లంబసింగి, ఆదిలాబాదు ప్రాంతములలో వేడినీళ్ళు లేనిదే పిల్లలకు, వృద్ధులకు స్నానము చేయించుట కష్టము.

ఈ రెండవ మంటకు కావలసిన కట్టెలను ఎవరో ఒకరు కొట్టి, మోసి, ఆరబెట్టవలెను. సాధారణముగా ఈ శ్రమ ఇంటి ఆడవారిది. కట్టె దొరకనప్పుడు పిడకలు పొయ్యిలోనికి పోవును. పొలమునకు ఎరువు కావలసిన పేడ బూడిదగా మారును. వంటపొయ్యి నుండి వృథాగా పోవు వేడిని పట్టుకొనగలిగినచో ఈ రెండవ మంటను చాలవరకు మానివేయవచ్చును. అందుకు ఖరీదైన యంత్రము అక్కరలేదు. పొయ్యికిని పొగగొట్టమునకును నడుమ ఒక నీళ్ళకాగును సరియైన చోట, సరియైన రీతిగా అమర్చిన చాలును. ఈ పనిని ఎట్లు చేయవలెనో, ఏ విషయములలో జాగ్రత్త వహింపవలెనో ఈ వ్యాసములో వివరింపబడినది.

వేడి ఎటు పోవుచున్నది?

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కించుటకు పట్టు వేడిని ఒక కిలోకేలరీ అందురు. బాగుగా ఆరిన కట్టె ఒక కిలో మండినప్పుడు సుమారు 3,500 కిలోకేలరీల వేడి పుట్టును. కాని సాధారణమైన మట్టిపొయ్యిలో ఇందు 15 పాళ్ళు మాత్రమే గిన్నెలోనికి చేరునని లెక్క వేసికొనవచ్చును. మిగిలిన వేడి పొయ్యి గోడలలోనికి, ముఖము వైపు గాలిలోనికి, ఎక్కువ భాగము పొగతో పైకి పోవును.

ఇప్పుడు ఒక చిన్న కుటుంబము లెక్క చూడుడు. దినమునకు 40 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 60 డిగ్రీల వరకు కాచుకొనవలెననుకొందము. అందుకు 40 × 35 = 1,400 కిలోకేలరీలు కావలెను. విడిగా మంట పెట్టినచో, కిలో కట్టె నుండి నీటిలోనికి చేరునది 525 కిలోకేలరీలే గనుక, సుమారు రెండు కిలోల ఏడువందల గ్రాముల కట్టె ఖర్చగును. సంవత్సరమునకు ఇది దాదాపు ఒక టన్ను.

అదే ఇంట వంటకు రెండు పూటలకు కలిపి 4 కిలోల కట్టె కాలుచున్నదనుకొనుడు. దానిలో పుట్టు వేడి 14,000 కిలోకేలరీలు. ఇందు పదవ వంతును పట్టుకొనగలిగినచో మనకు కావలసిన 1,400 కిలోకేలరీలు సరిగా సమకూరును. ఈ పదవ వంతు వంటగిన్నెల నుండి దొంగిలించినది కాదు. గిన్నెలు వదలివేయగా పొగగొట్టము దారి పట్టిన వేడియే. ఇది లెక్కకొరకు తీసికొన్న ఉదాహరణ. మీ ఇంటి పొయ్యి, కట్టె, కాగులనుబట్టి ఫలితము కొంత హెచ్చుతగ్గులుగా ఉండును.

60 డిగ్రీల నీరు స్నానమునకు మిక్కిలి వేడి. ఇరవై లీటర్ల అట్టి నీటికి చన్నీళ్ళు కలిపినచో స్నానమునకు తగిన గోరువెచ్చని నీరు సుమారు 45 లీటర్లు, అనగా పదునైదు లీటర్ల బకెట్లు మూడు వచ్చును.

ఏ పొయ్యికి అమర్చవచ్చును?

మూడు రాళ్ళ పొయ్యికి ఈ కాగు పనికిరాదు. దానిలో మంట నలువైపుల చెదరిపోవును; పట్టుకొనుటకు దారి ఉండదు. మట్టితోగాని ఇటుకలతోగాని కట్టబడి, మంట ఒకే దారిలో నడచి పొగగొట్టము ద్వారా బయటికి పోవు పొయ్యి మాత్రమే ఇందుకు తగినది.

ఇట్టి పొయ్యి మనకు క్రొత్త కాదు. 1947లో వార్ధాలోని మగన్‌వాడిలో మగన్ చూలా రూపొందినది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాల నుండి వెలువడిన పొగలేని పొయ్యిని గురించి డాక్టరు ఎస్. పి. రాజు 1953లో ఒక పుస్తకమునే ప్రకటించిరి. ఈ పొయ్యిల సూత్రము ఒక్కటే: ఒకే మంట వరుసగా గిన్నెల క్రిందుగా నడచి, పని పూర్తియైన పిదప పొగగొట్టములోనికి పోవలెను. 1983లో మొదలై 2002 వరకు నడచిన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమము క్రింద దేశమంతట ఇట్టివి కట్టబడినవి. వానిలో చాలవాటికి కాలక్రమమున పొగగొట్టములు మసితో పూడుకొనిపోయి, పగిలిన గొట్టములను మార్చువారు లేక, పొయ్యిలు మూలబడినవి. పొయ్యి కట్టుట ఒక దినపు పని. దానిని శుభ్రముగా ఉంచుట నిత్యకృత్యము. కాగు అమర్చదలచినవారు ముందుగా ఈ విషయమును మనస్సున పెట్టుకొనవలెను.

వంటయంతయు గ్యాసు మీదనే చేసికొను ఇండ్లకు ఈ కాగు వలన లాభము లేదు. నీళ్ళకొరకే మంట వేయునప్పుడు మిగులు వేడి అనునది ఉండదు గదా. అట్టివారు మిద్దె మీద సూర్యరశ్మితో నీళ్ళు కాగు తొట్టిని పెట్టించుకొనుట మేలు.

కాగు ఎట్టిది కావలెను?

నడుము వద్ద 14 అంగుళముల వెడల్పు గల గుండ్రని కాగులో సుమారు 20 లీటర్ల నీరు పట్టును. అయిదారుగురు ఉన్న ఇంటికి ఇది చాలును. అంతకంటె పెద్ద కాగు పెట్టినచో నీరు గోరువెచ్చనగుటకే వంట పూర్తియగును. పూటకు ఒకసారి నింపి, రెండు పూటల వాడుకొనుటయే మంచి పద్ధతి.

రాగికాగు శ్రేష్ఠము. తుప్పు పట్టదు, సొట్టపడినను కంచరివాడు సరిచేయగలడు, తరములు నిలుచును. అయితే రాగిలో నీరు మిక్కిలి త్వరగా కాగునను నమ్మకము పూర్తిగా నిజము కాదు. పొగ నుండి పాత్రకు వేడి అందుటయే నెమ్మదిగా జరుగును గనుక, ఇనుపకాగులోను నీరు దాదాపు అంతే సేపటిలో కాగును. రాగి కొనలేనివారు ఇత్తడి, స్టీలు లేక మందపాటి ఇనుపరేకు కాగు వాడుకొనవచ్చును. ఇనుముకు తుప్పు బాధ కలదు. పలుచని అల్యూమినియము పాత్రకు బూడిద, ఉప్పునీరు తగిలి గుంటలు పడును గనుక అది తగదు.

పాతకాగును వాడదలచినచో అతుకులు చూడుడు. తగరపు మాటు వేసిన పాత్ర, నీరున్నంతసేపు ఎంత మంటకైనను నిలుచును. నీరు లేనప్పుడు తగరము కరగి అతుకు విడిపోవును. నీళ్ళు నింపి ఒక రాత్రి ఉంచి, చెమ్మ కనబడినచో కంచరివానిచే బాగుచేయించిన తరువాతనే పొయ్యికెక్కించవలెను.

కాగు ఉండవలసిన చోటు

కాగును మంట నడుమనే పెట్టిన నీరు త్వరగా కాగును గదా అని కొందరు తలంతురు. ఇది పొరపాటు. మంట మొదటనే చల్లని నీటి పాత్రకు తగిలినచో చల్లారి, కట్టె పూర్తిగా మండక, మసియు పొగయు ఎక్కువగును. అన్నము ఉడుకుటకు ఆలస్యమగును. కాగు వంటగిన్నెల తరువాత, పొగగొట్టమునకు ముందు ఉండవలెను. గిన్నెలకు మొదటి వంతు, నీళ్ళకు రెండవ వంతు, పొగగొట్టమునకు మిగిలినది. ఈ వరుస తప్పరాదు.

పొగగొట్టమునకు కూడ కొంత వేడి మిగిలించవలెను. వేడి పొగ తేలికయై పైకి లేచుట వలననే పొయ్యి గాలిని లోపలికి పీల్చుకొనును. వేడినంతయు కాగులోనికే లాగివేసినచో పొగ బరువెక్కి వెనుకకు తిరిగి వంటింటిలోనికి వచ్చును. గొట్టములో తారు వంటి జిగట మసి పట్టును. నీళ్ళకొరకు పొగను ఇంటిలోనికి తెచ్చుకొనుట లాభము కాదు. కండ్లకు, ఊపిరితిత్తులకు అది చేయు హాని మీకు తెలిసినదే.

ఇల్లు వసతిగా ఉన్నచో కాగును వంటింటి గోడకు వెనుక, పెరటి వైపు కట్టుకొనుట మంచిది. పొయ్యి లోపల, కాగు బయట ఉండును. నీళ్ళు తోడుకొనువారు వంటింటిలోనికి రానక్కరలేదు. స్నానపు చోటు దగ్గరగును. నీటి ఆవిరి వంటింటిలో చేరదు. పొగగొట్టము ఇంటి కప్పును చీల్చుకొని పోవలసిన పని ఉండదు.

కట్టు విధానము

కావలసిన వస్తువులు: కాగు, ఇటుకలు సుమారు 60, జిగటమట్టి, ఇసుక, ఊక, కాల్చిన మట్టి గొట్టములు లేక ఇనుప గొట్టము, లోపలి కొలత 4 అంగుళములు, గొట్టముపై టోపీ. పాత ఆస్‌బెస్టాసు సిమెంటు గొట్టములను కోసి వాడవద్దు. దాని దుమ్ము ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరము.

1. పొయ్యి చివరి గిన్నె వెనుక, పొగ బయటికి పోవు చోట, గోడకు 5 అంగుళముల చదరపు రంధ్రము చేయుడు. పైన ఒక ఇటుకను అడ్డముగా పరచి గోడ బరువును నిలుపుడు. రంధ్రము లోపలి నుండి బయటికి కొంచెము ఎగువాలుగా ఉండవలెను. పాత పొగగొట్టపు దారిని ఇటుకతో, మట్టితో పూర్తిగా మూసివేయుడు.

2. గోడకు బయట గట్టి నేలపై ఇటుకలతో గుండ్రని గుంట కట్టుడు. లోపలి వెడల్పు కాగు నడుముకంటె 2 అంగుళములు ఎక్కువ, అనగా 16 అంగుళములు ఉండవలెను. అప్పుడు కాగు చుట్టును అంగుళము సందు మిగులును. నీటితో నిండిన కాగు బరువు పాతిక కిలోల వరకు ఉండును గనుక పునాది గట్టిగా ఉండవలెను.

3. గుంట అడుగున మూడు ఇటుకలను నిలువుగా పాతి, కాగును వానిపై కూర్చుండబెట్టుడు. కాగు నడుము గుంట అంచుతో సమముగా ఉండవలెను. క్రింది సగము వేడిలోను, పై సగము బయటను ఉండును. ఇట్లున్నచో శుభ్రపరచవలసి వచ్చినప్పుడు కాగును పైకెత్తి తీయవచ్చును.

4. పొగ వచ్చు రంధ్రమునకు సరిగా ఎదుటి ప్రక్కన పొగ పోవు రంధ్రము పెట్టుడు. రెండింటికి నడుమ, కాగు అడుగున, మట్టితో ఒక అడ్డుకట్ట వేయుడు. అడ్డుకట్టకు, కాగు అడుగునకు నడుమ అంగుళమున్నర సందు వదలుడు. దీనివలన వేడిపొగ తిన్నగా పారిపోక, కాగు అడుగును ఒరసికొని పోవును. ఎక్కడను పొగదారి పొగగొట్టము లోపలి వైశాల్యముకంటె ఇరుకు కారాదు.

5. పొగగొట్టము అడుగున ఒక ఇటుక పట్టు ద్వారము ఉంచి, దానిని విడి ఇటుకతో మూసి, మట్టి పూయుడు. మసి తీయుటకు ఇదియే దారి. దీనిని మరచినవారు తరువాత గొట్టమును పగులగొట్టవలసి వచ్చును.

6. గొట్టమును నిలువుగా, ఇంటి కప్పుకంటె కనీసము 2 అడుగుల ఎత్తునకు లేపుడు. వంపులు పెట్టవద్దు. గాలికి ఊగకుండ గోడకు ఇనుపపట్టీలు బిగించుడు. తాటాకు, గడ్డి కప్పుల ఇండ్లలో గొట్టము చుట్టు అడుగున్నర మేర చూరును కత్తిరించి, ఆ చోట రేకు వేయవలెను. నిప్పురవ్వ ఒక్కటి చాలును.

7. కాగునకు, గుంట అంచునకు మధ్య ఉన్న సందును మెత్తని మట్టి, బూడిద కలిపిన ముద్దతో మూయుడు. ఇది సిమెంటుతో చేయవద్దు. కాగు తీయుటకు వీలుండదు. గుంట బయటి గోడకు మట్టి, ఊక కలిపి మూడు అంగుళముల మందమున మెత్తినచో వేడి ఎక్కువసేపు నిలుచును.

కుళాయి పెట్టదలచినచో దానిని కాగు నడుమునకు పైన, బయటికి కనబడు భాగమున పెట్టించుడు. అప్పుడు కుళాయి విప్పి మరచిపోయినను క్రింది సగములో నీరు నిలిచియుండును; మంట తగులు లోహము ఎండిపోదు. మామూలు పీవీసీ గొట్టములు వేడినీళ్ళకు మెత్తబడును గనుక వాడరాదు.

మూత బిగింపరాదు

ఈ వ్యాసములో అన్నింటికంటె ముఖ్యమైన మాట ఇది. కాగు నోరు ఎప్పుడును గాలికి తెరచియుండవలెను. మూత వదులుగా బోర్లించవలెనే గాని బరువు పెట్టి, మట్టి పూసి, మరలు బిగించి మూయరాదు.

ఒక లీటరు నీరు ఆవిరియైనచో సుమారు 1,600 రెట్లకు పైగా వ్యాపించును. తెరచిన కాగులో ఈ ఆవిరి మూత క్రిందుగా తప్పించుకొనిపోవును. నీరు 100 డిగ్రీలను మించి వేడెక్కదు. మూసిన పాత్రలో ఆవిరికి దారి లేదు. ఒత్తిడి పెరిగినకొలది నీరు మరుగక, 100 డిగ్రీలు దాటి వేడెక్కుచునే ఉండును. ఎక్కడనో ఒక అతుకు విడిన క్షణమున ఆ నీటిలో కొంత భాగము ఒక్కసారిగా ఆవిరియై పాత్రను, గోడను బద్దలు చేయును.

ఇది ఊహ కాదు. చలిదేశమైన బ్రిటనులో హాలులోని చలిమంట పొయ్యికి వెనుక రాగి లేక పోతఇనుప పెట్టెను అమర్చి నీళ్ళు కాచుకొనుట పాత అలవాటు. అక్కడ పెట్టె నుండి రెండు గొట్టములు పై అంతస్తులోని తొట్టికి పోవును. కాగిన నీరు తేలికయై పై గొట్టము ద్వారా తొట్టిలోనికి ఎక్కును. చల్లని నీరు బరువై క్రింది గొట్టము ద్వారా పెట్టెలోనికి దిగును. పంపు లేకయే నీరు తిరుగుచుండును. ఈ ఏర్పాటులో ఆవిరి పోవుటకు ఒక గొట్టము ఎప్పుడును గాలికి తెరచియుంచబడును. మంచుకు గొట్టములు గడ్డకట్టి దారి మూసికొనిపోయిన ఇండ్లలో, పొయ్యి వెలిగించినప్పుడు పెట్టెలు పేలినవి. వాడుక మానిన పెట్టెకు రెండు గొట్టములను బిగించి, అట్లే గోడలో వదలివేసిన ఇండ్లలోను, సంవత్సరముల తరువాత ముందున్న పొయ్యిలో మంట వేయగా ప్రేలుడు సంభవించి ప్రాణములు పోయినవి. మనకు మంచు లేకపోవచ్చును. కాని సుద్ద పేరుకొని మూసికొనిపోవు గొట్టము, ఎవరో కట్టివేసిన కుళాయి మన ఇండ్లలోను ఉండును.

కావున మిద్దె మీది తొట్టి నుండి గొట్టము తెచ్చి, మూసిన డ్రమ్మును పొయ్యి వెనుక పెట్టించుకొనవలెనని ఎవరైనను సలహా చెప్పినచో తొందరపడవద్దు. అట్టి ఏర్పాటునకు తొట్టి నీటిమట్టముకంటె ఎత్తుగా లేచి గాలికి తెరచియున్న గొట్టము తప్పనిసరి. దాని దారిలో కుళాయిగాని బిరడాగాని ఉండరాదు. ఈ పని తెలిసిన మేస్త్రీ దొరకనిచో తెరచిన కాగుతోనే తృప్తిపడుట క్షేమము.

మొదటి మంట

క్రొత్తగా కట్టిన మట్టిని వారము పది దినములు నీడలో ఆరనిచ్చి, కాగు నింపి, మొదట చిన్న మంట వేయుడు. బీటలు కనబడినచో మెత్తి, మరునాడు కొంచెము పెద్ద మంట వేయుడు. పొయ్యి ముఖము వద్ద ఒక అగరువత్తి పట్టి చూచినచో దాని పొగ లోపలికి లాగుకొనబడవలెను. వెలుపలికి వచ్చినచో కట్టుబడిలో లోపమున్నట్లు తెలిసికొనుడు.

దినదినము వాడుక

మంట వెలిగించుటకు ముందు కాగు నింపుట అలవాటు చేసికొనుడు. పైన మూడు అంగుళములు ఖాళీ ఉంచుడు. మంట ఉన్నంతసేపు నీరు నడుమునకు దిగువకు పోరాదు. ఒక బకెట్టు తోడినచో అంత చన్నీరు పోయవలెను. పొరపాటున నీరు లేక ఎండిన కాగులో చన్నీళ్ళు గుమ్మరించవద్దు. ఆవిరి ఎగసి ముఖము కాల్చును, కాగు పగులును. మంట తీసివేసి, కాగు పూర్తిగా చల్లారిన తరువాతనే నింపవలెను.

స్నానమునకు బకెట్టులో ముందు చన్నీళ్ళు పోసి, తరువాత వేడినీళ్ళు కలుపుడు. ముందు వేడినీళ్ళు పోసి ప్రక్కకు తిరిగినంతలో పిల్లలు చేయి పెట్టుట, బకెట్టులో పడుట జరుగుచున్నది. 60 డిగ్రీల నీరు కొద్ది క్షణములలోనే చర్మమును కాల్చగలదు. కాగు పెరటిలో ఉన్నచో చుట్టు చిన్న దడి కట్టుట మంచిది.

పాలవ్యాపారము గల రైతులకు ఈ నీరు మరియొక విధముగా ఉపయోగించును. పాలు పిండుటకు ముందు పొదుగు కడుగుటకు గోరువెచ్చని నీరు, పాలగిన్నెలు, క్యానులు కడుగుటకు వేడినీరు ఉదయము సాయంకాలము సిద్ధముగా ఉండును. చలికాలములో ఈనిన పశువుకు గోరువెచ్చని కుడితి ఇచ్చుటకును వీలగును.

ఈ నీటిని త్రాగుటకు వాడవద్దు. వేడియైన నీరెల్ల మరగిన నీరు కాదు. క్రిములు నశించుటకు నీరు తెర్లునట్లు మరగవలెను. పాత మాటులలో సీసము కూడ ఉండవచ్చును. నల్లగొండ, ప్రకాశము జిల్లాల వంటి ఫ్లోరైడు ప్రాంతములవారు నీటిని మరగించినందున ఫ్లోరైడు పోదని గుర్తించవలెను. నీరు ఇగిరినకొలది అది చిక్కబడును.

మసి, సుద్ద

మసి వేడికి అడ్డుగోడ వంటిది. నెలకొకసారి కాగును పైకెత్తి అడుగున పట్టిన మసిని గీకివేయవలెను. తిరిగి పెట్టుటకు ముందు మట్టి, బూడిద నీళ్ళలో కలిపి అడుగున పలుచగా పూసినచో తరువాతి సారి మసి సులభముగా ఊడివచ్చును. అదే దినమున పొగగొట్టములో పైనుండి గోనెసంచి కట్టిన కఱ్ఱను దింపి, అడుగు ద్వారము గుండ మసి తీసివేయవలెను. మసి పేరుకొనిన గొట్టములో నిప్పు అంటుకొనుట కలదు. పచ్చికట్టె వాడు ఇండ్లలో ఈ ప్రమాదము మరింత ఎక్కువ. కందికట్టె, పత్తికట్టె, తుమ్మ, సరుగుడు—ఏది వాడినను బాగుగా ఆరనిచ్చి వాడుడు.

బోరునీళ్ళు వాడు ఊళ్ళలో కాగు లోపల తెల్లని సుద్ద పేరుకొనును. పలుచగా ఉన్నప్పుడే చింతపండు నానబెట్టిన నీటిని పోసి కాచి, ఒక రాత్రి ఉంచి తోమినచో ఊడిపోవును. మందముగా పేరుకొననిచ్చినచో నీరు ఆలస్యముగా కాగును. అడుగు లోహము అమితముగా వేడెక్కి చెడిపోవును.

లోపములు, వాని కారణములు

పొగ వంటింటిలోనికి వచ్చుచున్నచో: గొట్టము మసితో నిండియుండును, లేదా గొట్టము కప్పుకంటె ఎత్తుగా లేదు, లేదా కాగు క్రింది అడ్డుకట్ట మరీ ఎత్తుగా ఉన్నది. మొదట గొట్టమును శుభ్రపరచి చూడుడు. పోనిచో అడ్డుకట్టను అర అంగుళము తగ్గించుడు.

నీరు సరిగా కాగకున్నచో: కాగు అంచున మట్టి ఊడి చల్లగాలి లోపలికి పోవుచుండవచ్చును, అడ్డుకట్ట కరగి పొగ తిన్నగా పారిపోవుచుండవచ్చును, లేదా కాగు అడుగున మసి పట్టియుండవచ్చును.

వంట ఆలస్యమగుచున్నచో: కాగు పొయ్యికి మరీ దగ్గరగా ఉన్నది, లేదా గిన్నెలు పొయ్యి రంధ్రములకు సరిపోక ప్రక్కల నుండి వేడి పోవుచున్నది.

పొగగొట్టము నుండి నల్లని తారు కారుచున్నచో: కట్టె పచ్చిది, లేదా పొగ మరీ చల్లబడుచున్నది.

కొందరు వేడి నిలువవలెనని మంట ఆరకముందే పొగగొట్టమును రేకుతో మూసివేయుదురు. ఇది ప్రాణాపాయము. నిప్పులున్నంతసేపు వాని నుండి కార్బను మోనాక్సైడు అను విషవాయువు వచ్చుచుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారికి తెలియకయే ప్రాణము తీయును. ఈ కారణముచేతనే బొగ్గులు వేసి కాచు రాగి బాయిలరును తలుపులు మూసిన స్నానపు గదిలో పెట్టరాదు.

గుర్తుంచుకొనవలసినవి

కాగు గిన్నెల తరువాత, పొగగొట్టమునకు ముందు ఉండవలెను.

నీరు లేనిదే మంట లేదు. మంట ఉన్నంతసేపు నీరు నడుము దిగరాదు.

మూత బిగింపరాదు. ఆవిరి పోవు దారి మూయరాదు.

నిప్పులుండగా పొగగొట్టము మూయరాదు.

నెలకొకసారి మసి, సుద్ద పట్టినప్పుడెల్ల సుద్ద తీయవలెను.

ఈ పనికి వేసవికాలము అనుకూలము. పొలములో పనులు తక్కువగా ఉండును, మట్టి త్వరగా ఆరును, ఇటుకలు దొరకును. కట్టుటకు ముందు ఒక వారము దినములు మీ ఇంట వంటకెంత, నీళ్ళకెంత కట్టె ఖర్చగుచున్నదో తూచి వ్రాసికొనుడు. కాగు అమర్చిన తరువాత మరల ఒక వారము తూచుడు. లాభమెంతయో ఆ రెండు అంకెలే చెప్పును. తగ్గిన పిడకలను పెంటకుప్పకు, తగ్గిన కట్టెల మోతను ఇంటి ఆడవారి విశ్రాంతికి చేర్చుకొనుడు.